ద్రాక్షాకు పొట్లాలు

మార్టూరు గ్రానైటు ఫ్యాక్టరీల్లో రాయికి అద్దంలాంటి మెరుపు తెప్పించడంలో మీరావలిని మించినవాడు లేడు. 2003లో గ్రీసుకు పంపిన పలకల మీద మరకలు తేలాయని అక్కడి వ్యాపారి గోలపెడితే, యజమాని శ్రీమన్నారాయణ మీరావలిని వెంటబెట్టుకుని విమానమెక్కాడు.

మీరావలి బెంగ రాయి గురించి కాదు, తిండి గురించి. ఊరు దాటితే హలాల్ అవునో కాదో తెలియని మాంసం ముట్టడు. చేపకు ఆ పట్టింపు లేదు కనుక ఎక్కడికెళ్లినా చేపతోనే నెట్టుకొచ్చేవాడు. నలభై ఏళ్లుగా నిలుపుకున్న ఆ నియమమే అతని ఆస్తి. వేరే ఆస్తి లేదు కూడా.

గ్రీసులో రేవు పక్క హోటల్లో మొదటిరోజు బొగ్గుల మీద కాల్చిన కవళ్ల చేపలు పెట్టారు. ఉప్పు, నిమ్మరసం, ఆలివ్ నూనె, అంతే. మన నాలుక ఊరుకుంటుందా? జేబులోంచి కారప్పొడి తీసి చల్లుకున్నాడు. మూడోరోజుకు ఆ కారం సంగతే మరిచిపోయాడు. చేపగుడ్లు నూరిన ముద్దను రొట్టెకు రాసుకుని, దోసకాయ పెరుగు నంజుకుంటూ పెళ్లికొడుకులా తిన్నాడు. చివరిరోజు శ్రీమన్నారాయణ ద్రాక్షాకుల్లో అన్నం, ఇంకేదో కూరిన పొట్లాలు తెప్పించాడు.

"ఇందులో ఏముందండీ?"

"చేపేరా. తిను."

ఆరు తిన్నాడు. అంత కమ్మటిది జన్మలో తినలేదు. యజమాని ముసిముసిగా నవ్వుతుంటే, తన ఆత్రం చూసి ముచ్చటపడుతున్నాడనుకున్నాడు, పిచ్చి మారాజు.

ఇంటికొచ్చి ఆ రుచినే కథలుగా చెబితే, భార్య కరీమున్ క్యాబేజీ ఆకుల్లో చేప, అన్నం చుట్టి ఉడికించింది. మీరావలి డబ్బా నిండా ఫ్యాక్టరీకి తెచ్చి, ముందుగా యజమానికే పెట్టాడు. శ్రీమన్నారాయణ పకపకా నవ్వాడు.

"ఒరేయ్, ఆరోజు నువ్వు లాగించింది చేపనుకున్నావా? పందిరా, పంది!"

పాతికమంది పనివాళ్లూ నవ్వారు. ఆ సాయంత్రానికే టీకొట్టు దగ్గర "ఏరా గ్రీకు చేపా" అని పిలుపులు మొదలయ్యాయి. తెలియక తిన్నది పాపం కాదని మసీదు పెద్దాయన చెప్పాడు. అయినా కంచం ముందు కూర్చుంటే వాంతి వచ్చేది. నెలలో మనిషి సగమయ్యాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అన్నారా!

ఇక ఉండబట్టలేక యజమాని గదిలోకి వెళ్లి కాళ్లు పట్టుకున్నాడు.

"మీ పిల్లల మీద ఒట్టేసి చెప్పండయ్యా. నిజంగా పందేనా, నవ్వులాటకన్నారా?"

"ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నావా? ఏం తెప్పించానో నాకేం గుర్తుందిరా? పో, అవతల లోడు బయల్దేరాలి" అని శ్రీమన్నారాయణ ఫోనందుకున్నాడు.

కరీమున్ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది.

"ఏమన్నాడు?"

"గుర్తులేదంట."

"పోనీ, మీరూ మర్చిపోండి."

"మర్చిపోదామనే చూస్తున్నానే. ఆ పొట్లాలు తలచుకుంటే ఇప్పటికీ నోరూరుతోంది" అని మీరావలి తన నోటి మీద తానే కొట్టుకున్నాడు.