తమ్ముడింట్లో మా అమ్మ

మా తమ్ముడు మారుతి ఈ కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడు. వేసుకుంటే వేసుకున్నాడు, ధర్మవరంలో వీధికి పదిమంది వేసుకుంటారు, నాకేం అభ్యంతరం? కానీ మాలతో పాటు మా అమ్మను కూడా తన ఇంటికి తీసుకుపోయాడు. అక్కడ కాలింది నాకు.

ముందు రోజు సాయంత్రం దాకా మా అమ్మ నోట్లో వాడి పేరు "పనికిమాలినోడు". ఆటో తోలి సంపాదించింది సంపాదించినట్టు బ్రాందీ అంగట్లో పోసి, తూలుకుంటూ ఇల్లు చేరేవాడు. వాడి పెళ్ళాం చంద్రిక రెండుసార్లు అలిగి మడకశిరలో పుట్టింటికి పోతే, రెండుసార్లూ మా అమ్మే బస్సెక్కి పోయి బతిమాలి పిలుచుకొచ్చింది. అలాంటివాడు మర్నాడు తెల్లారకముందే మొబ్బులో చన్నీళ్ళు పోసుకుని, నల్లబట్టలు కట్టి, మెడలో పూసలు వేయించుకుని వచ్చాడో లేదో, అదే అమ్మ రెండు చేతులూ జోడించి "రా స్వామీ, లోపలికి రా" అంది. నేనూ అనాలట. మాల వేసుకున్నవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు. చిన్నా పెద్దా లేదు, స్వామే. వాడికంటే ఏడేళ్ళు పెద్దవాణ్ణి, వాడి ముక్కు తుడిచి పెంచినవాణ్ణి, వంగి వాడి కాళ్ళకు దండం పెట్టాను. నడుం కలుక్కుమంది.

నా పేరు కేశవ. నాయన పోయేటప్పటికి నాకు పదిహేడు, వాడికి పది. చదువు అక్కడితో ఆపి, నాయన నేసిన గుంత మగ్గంలోనే దిగి కూర్చున్నాను. ఇప్పుడు నలభై నాలుగు. ఇన్నేళ్ళూ మా అమ్మ నాగలక్ష్మమ్మ నా మగ్గం పక్కనే రాట్నం పెట్టుకుని, పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో వేసే పట్టుదారం కండెలు చుట్టింది. కండె అయిపోవచ్చిందని నేను చెప్పనక్కర్లేదు. మగ్గం చప్పుడు విని ఆమెకే తెలుస్తుంది. చెయ్యి చాపేసరికి కొత్త కండె చేతిలో ఉంటుంది. పదకొండు గంటలకు ఉగ్గాని చేసి తెచ్చి పక్కన పెడుతుంది. మేం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. పక్కన ఉన్న మనిషితో ఏం మాట్లాడతాం?

స్వామికి వండాలంటే మడి ఉండాలి. నెలలో కొన్ని రోజులు చంద్రిక వంటింట్లోకి రాకూడదు. పైగా ఆమె పట్టుచీరల అంగట్లో పనికి పోవాలి. ఇంట్లో పెద్దామె ఎవరన్నా ఉంటేనే దీక్ష సాగుతుంది. మా అమ్మ రేకుపెట్టె సర్దుకుంది.

"నలభై ఒక్క దినాలేరా కేశవా. కండ్లు మూసి తెరిసేలోపల అయిపోతాది."

"పెండ్లిండ్ల కాలం మా. రెండు చీరలు నెత్తిమీద ఉండాయి. కండెలు ఎవరు సుట్టల్ల?"

"నీ పెండ్లాము లేదా? జ్యోతిలక్ష్మికి సేతుల్లేవా?"

ఉన్నాయి. జ్యోతిలక్ష్మి పాపం చుట్టింది కూడా. నేనే రోజుకు పదిసార్లు వదులుగా ఉందనీ, బిగువుగా ఉందనీ ఆమెను సతాయించాను. తప్పు కండెలో లేదని ఇద్దరికీ తెలుసు.

మొదటి వారం బాగానే గడిచింది. ఎనిమిదో రోజు స్వామివారు ఆటోలో వేంచేశారు. అమ్మ ఆకువక్క దంచుకునే రోలు కావాలట. ఇచ్చాను. పన్నెండో రోజు మళ్ళీ వచ్చాడు. చౌడేశ్వరమ్మ పటం కావాలట. మా ఇంట్లో అమ్మ రోజూ దీపం పెట్టే పటం అది. గోడమీద పటం ఉన్నచోట తెల్లటి చదరం మిగిలింది. పదిహేనో రోజు కంబళి అడిగాడు. అప్పటికి నాకు అర్థమైంది. నలభై ఒక్క రోజుల కోసం పోయిన మనిషికి పటమెందుకు, రోలెందుకు? ఇది దీక్ష కాదు, కాపురం మార్చడం. మా అమ్మ ఇక తిరిగి రాదేమోనని ఆ రోజు మొదటిసారి భయం వేసింది.

ఒక మధ్యాహ్నం మగ్గం ఆపి అక్కడికి పోయాను. ఇల్లు కళకళలాడుతోంది. ఎనిమిది మంది నల్లబట్టల స్వాములు వరుసగా కూర్చుని భిక్ష చేస్తున్నారు. మా అమ్మ కొంగు నడుముకు దోపి వడ్డిస్తోంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ముప్పై ఏళ్ళదానిలా తిరుగుతోంది! "మాతా, పప్పు అమృతం" అంటాడొకడు. "మాతా, ఇంకొంచెం" అంటాడింకొకడు. తిన్నాక అందరూ ఆమె కాళ్ళకు మొక్కారు. చివర మా తమ్ముడు సాష్టాంగపడ్డాడు. ఆమె వాడి తలమీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. నా తలమీద ఆ చెయ్యి ఎప్పుడు పడిందో గుర్తు చేసుకుందామని చూశాను. నా పెళ్ళినాడు అక్షింతలు వేసినప్పుడు, అంతే. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటే ఏమిటో ఆ గుమ్మంలో నిలబడి తెలుసుకున్నాను.

వీధిలోకి రాగానే వాణ్ణి నిలబెట్టాను. తిట్టాలంటే నోటికి వచ్చేవన్నీ పాత తిట్లు, మెడలో చూస్తే మాల. ఏం చేసేది?

"ఏం స్వామీ, మా అమ్మను శాశ్వతంగా తెచ్చుకోవల్లని సూస్తాండావా స్వామీ?"

"అంతా మాత ఇష్టం స్వామీ."

"మాత ఇష్టం కాదు స్వామీ, నీ తెలివి స్వామీ. నీ యవ్వారాలు నాకు తెల్దా స్వామీ?"

"కోపం వద్దు స్వామీ. శరణమయ్యప్ప."

సైకిలు మీద పోతున్న మా వీధి బసప్ప, మేమేదో సత్సంగం చేస్తున్నామనుకుని దిగి మా ఇద్దరికీ దండం పెట్టి పోయాడు.

ఆ కోపంలోనే నాకు ఉపాయం తోచింది. నేనూ మాల వేసుకుంటే? ఇరవై ఒక్క రోజుల అర్ధమండలం ఉంది కదా. అప్పుడు అమ్మ నాకూ వండాలి, నన్నూ స్వామీ అనాలి. పెద్దకొడుకు దీక్షలో ఉంటే పెద్దకొడుకు ఇంట్లో ఉండొద్దా? పద్దెనిమిది సార్లు కొండకు పోయొచ్చిన గురుస్వామి గంగాధరప్ప దగ్గరికి పోయి అడిగాను.

"ఇన్నేండ్లు లేనిది ఇప్పుడెందుకు బుద్ధి పుట్టిందప్పా?" అన్నాడాయన.

"భక్తి స్వామీ."

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను గోడమీది క్యాలెండరు చూశాను.

"పోయి మీ అమ్మను అడిగి రాపో. తల్లి సరే అంటేనే మాల."

అమ్మ మారుతి ఇంటి ముందు అరుగుమీద అనపకాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. పక్కన కూర్చుని సంగతి చెప్పాను. ఆమె ఒలవడం ఆపలేదు.

"నీకెందుకురా మాల?"

"వానికెందుకు మరి?"

"తాగకుండా ఉండేదానికి. వానంతట వాడు ఏసుకున్న్యాడనుకున్న్యావా? నేనే వాని కాళ్ళు పట్టుకున్న్యా. ఒక్కతూరి ఎయ్యప్పా, నలభై దినాలన్నా నీ మొగం తెలివిగా సూస్తా అని."

"నువ్వు పోయి వాని కాళ్ళు పట్టుకున్న్యావా?"

"పట్టుకున్న్యా. బిడ్డ కాడ సిగ్గేముండాది?"

నాకు ఒళ్ళు తెలియలేదు. "అంటే తాగేవానికి అమ్మ కావల్ల, తాగనోనికి అక్కర్లేదు. అంతేనా? పదిహేడేండ్లప్పుడు మగ్గంలో దిగినోన్ని, ఒక్క దినం నిన్ను ఏడిపించినానా? అదే నేను చేసిన తప్పా? రేపట్నుంచి నేనూ తాగుతా. అప్పుడు వస్తావా మా ఇంటికి?" అని అరిచాను.

ఆమె గుప్పిట్లో ఉన్న అనపతొక్కలు నా మొహాన కొట్టింది. కొట్టి, నా చొక్కామీద పడ్డవాటిని మళ్ళీ తనే ఏరింది.

"ఈ పొద్దుకు ఎన్ని దినాలాయరా, వాడు మాల ఏసి?"

"ఇరవై రెండు."

"తెలుసు నీకు. ఎప్పుడైపోతాదా, అమ్మ ఎప్పుడొస్తాదా అని లెక్కబెడతాండావు. నేనూ లెక్కబెడతాండా. ఇంకా పంతొమ్మిదే ఉండాయే, అయిపోతే ఏం గతి అని. మాల తీసిన దినం నేను ఈడ లేకపోతే వాడు తిన్నగా యాడికి పోతాడో నువ్వే సెప్పు."

అనపకాయలు రెండు తీసుకుని ఒలిచాను. నలభై రెండో రోజున ఆమె మా ఇంటికి రాదని తేలిపోయింది. మాల సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆమె చెప్పింది విన్నాక అసూయ పోయిందని చెబితే నాకు పుణ్యం వస్తుంది కానీ, పోలేదు. ఇంకా పెరిగింది. నా కోసం ఆమె ఎప్పుడూ అట్లా రోజులు లెక్కపెట్టలేదు కదా.

మారుతి కొండకు పోయి వచ్చిన రోజు నేనూ వాళ్ళింటికి పోయాను. మాల అమ్మే తీసింది. తీసి పటం ముందు పెట్టి దండం పెట్టుకుంది. వాడు లోపలికి పోయి నల్లబట్టలు విప్పి, గళ్ళ చొక్కా వేసుకుని, కాళ్ళకు చెప్పులు తొడుక్కుని వచ్చాడు. సాయంత్రం ఐదు గంటలు.

"అట్ల బయటికి పోయొస్తా మా," అన్నాడు.

అమ్మ చేతిలో చాట ఆగిపోయింది. వాడివైపు చూడలేదు. నావైపు చూసింది.

"నేనూ వస్తా పా," అన్నాను.

"నువ్వెందుకన్నా?"

"ఏం, నాకు కాళ్ళు లేవా?"

ఇద్దరం రైల్వే స్టేషను దాకా నడిచాం. బ్రాందీ అంగడి ఉన్న సందు మొదట్లో వాడి నడక మందగించింది. నేను అక్కడే నిలబడ్డాను. కాసేపటికి వాడే ముందుకు కదిలాడు. స్టేషను ముందు టీ తాగి వెనక్కి వచ్చాం. అమ్మ గుమ్మంలోనే ఉంది. వాడి నోటి దగ్గరికి ముక్కు పెట్టి వాసన చూసి లోపలికి పోయింది.

మర్నాడు కూడా పోయాను. ఆ మర్నాడు కూడా. ఐదు కాగానే మగ్గం ఆపి బయలుదేరితే, "ఇంత ప్రేమ ఎప్పట్నుంచి?" అని జ్యోతిలక్ష్మి నవ్వేది. ప్రేమా లేదు, దోమా లేదు. నన్ను మంచివాణ్ణని ఎవరూ అనుకోవద్దు. వాడు పూర్తిగా బాగుపడితే అమ్మకు అక్కడ పనుండదు, మా ఇంటికి వచ్చేస్తుంది. అదీ నా లెక్క. మధ్యలో రెండుసార్లు వాడు నా కళ్ళుగప్పి తాగాడు. రెండుసార్లూ నేను సందులోకి పోయి రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. ఆ తర్వాత నెలరోజులు చుక్క ముట్టలేదు. ఆటో కడిగి పెట్టుకుంటున్నాడు, కూతుర్ని బడిలో దింపుతున్నాడు. చంద్రిక మొహంలో నవ్వు చూశాను. ఇంకేముంది, ఇంకో పది రోజులు చూసి అమ్మ పెట్టె నేనే మోసుకొద్దామనుకున్నాను.

నిన్న సాయంత్రం టీ అంగడి బల్లమీద కూర్చున్నాం. వాడు గ్లాసు పట్టుకుని చాలాసేపు తాగలేదు.

"అన్నా, నేను నిజంగానే మానేసినా అనుకో. అప్పుడు అమ్మ మీ ఇంటికి వచ్చేస్తాది గదా?"

అవునని చెప్పడానికి నోరు తెరిచాను. రెండు నెలలుగా నేను నడిచిందే దానికోసం.

"నాయన పోయినప్పట్నుంచీ ఆమె నీ మగ్గం కాడనే ఉండాది," అన్నాడు వాడు. "బడినుంచి వచ్చి సూస్తే ఎప్పుడూ ఆమె వీపే కనపడేది నాకు. నీ కండె అయిపోతే ఆమెకు తెల్సేది. నేను పక్కన నిలబడుకుంటే తెల్సేది కాదు. తాగి పడిపోయిన దినమే నా దిక్కు సూసేది. నీమీద ఎంత కుళ్ళుండేదో తెల్సా నాకు?"

నామీద! వీడికి నామీద! ఇరవై ఏడేళ్ళు గుంతలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న నామీద!

స్టేషనులో ఏదో రైలు వచ్చి ఆగింది. జనం దిగి మా ముందునుంచే పోతున్నారు. వాడు నా జవాబు కోసం చూస్తున్నాడు.

"రాదులే," అన్నాను.

"ఏమి?"

"అమ్మ యాడికీ రాదు. మీ ఇంట్లోనే ఉంటాది. నేనే సెప్తా ఆమెకు. టీ తాగు, సల్లారిపోతాంది."

వాడు తాగాడు. ఇద్దరం వెనక్కి నడిచాం. వాణ్ణి ఇంట్లో దింపి, అమ్మ కాఫీ తాగి పొమ్మన్నా ఆగకుండా వచ్చేశాను. ఇంటికి రాగానే కండెలు సరిగా చుట్టలేదని జ్యోతిలక్ష్మి మీద ఇంతెత్తున లేచాను. ఆమె రాట్నం ఆపి, భయంగా దగ్గరికి వచ్చింది.

"ఏమైంది? మళ్ళీ తాగినాడా?"

"తాగల్యా," అన్నాను. "ఇంక తాగడు."

అని చెప్పి మగ్గం గుంతలోకి దిగి, ఆమెకు మొహం కనబడకుండా వంగి కూర్చుని ఏడ్చాను.