గంగమ్మ మీద తప్పు మోపనివ్వని వకీలు సాబ్

మా వకీలు సాబ్ పోయారన్న కబురు నాకు తెచ్చింది గుత్తేదారు మనిషి. అందుకే నమ్మలేదు. మా బావి పగలగొట్టిన గుత్తేదారు వైపు నుంచి ఏ మాట వచ్చినా తిరగేసి చూడనిదే నేను ఊరుకోను.

ఆ మనిషి గడప బయటే నిలబడి, "అవ్వా, నీ వకీలు పోయిండు. ఆయన తెచ్చిన హుకుం గూడ ఆయనతోనే పాయె. ఇగ రాజీ చేసుకో. గుట్ట మీద మళ్ల పని మొదలుపెడుతం" అన్నాడు.

"సావు కబురు తెచ్చెటోనివి, మొఖంల జర ఏడుపన్న పెట్టుకొని రావొద్దా?" అని వాణ్ణి పంపేశాను. కానీ లోపల గుబులు పట్టుకుంది. మా ఊళ్ళో పటేలు ఇచ్చిన మాట పటేలుతోనే పోతుంది. కొత్త పటేలు దగ్గర మళ్ళీ మొదటినుంచీ మొర పెట్టుకోవాలి. అదాలతు హుకుం కూడా అంతేనా? మా ఊరు హఫీజ్‌పేట్ నుంచి బండి కట్టించుకుని పట్నం వెళ్ళాను. వకీలు సాబ్ వాకిట్లో చెప్పుల గుంపు, లోపల ఏడుపు. ఆయన షేర్వానీ కొయ్యకు వేలాడుతోంది. అప్పుడు నమ్మాను.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే ఆయన దగ్గర రాతకోతలు చూసిన మున్షీయే ఇది రాస్తున్నాడు. రాసినంతా చదివించుకుని వింటున్నాను, ఎందుకైనా మంచిదని.

మా చేను గుట్ట కింద ఉంది. బావిలో మోట కట్టి కూరగాయలు పండించి బతికేవాళ్ళం. గుత్తేదారు ఆ గుట్టను గుత్తకు తీసుకుని, మందు పెట్టి బండలు పేల్చడం మొదలుపెట్టాడు. మా బావి గోడ పగిలింది. నీళ్ళు ఎటో జారిపోయాయి. వంకాయ మొక్కలు నిలువునా తలలు వేలాడేశాయి. ఆ బావి లేకపోతే మాకు ఇంకో బతుకు లేదు.

"వాన్ని జైల్ల ఏయించు" అని వెళ్ళి వకీలు సాబ్ ముందు కూర్చున్నాను. ఎవరి గోడు వింటున్నా ఆయన తలమీది టోపీ తీసి మోకాలికి తగిలించేవారు. సంగతి పూర్తిగా అర్థమైతేనే మళ్ళీ తలకెక్కేది.

"జైలు సర్కారు పని, అవ్వా. దొంగతనం చేస్తే సర్కారు పట్టుకుంటది. ఇది నీకూ ఆయనకూ నడుమ జరిగిన తప్పు. చెడగొట్టినోడు బాగు చేసియ్యాలె. గంతే" అన్నారు.

గుత్తేదారు ఉప్పు ఈయన కూడా తిన్నాడా ఏమిటి అనుకున్నాను. "వానికి నా మీద పగ లేదంట. ఊరంత గదే అంటున్నరు. పగ లేనిది తప్పెట్లయితది?" అని గుచ్చి అడిగాను.

"పగ ఉండాల్నని లేదు. జాగ్రత్త లేకున్నా తప్పే. ఆయన బండ ఆయన కొట్టుకోవచ్చు. దెబ్బ నీ చేను గెట్టు దాటి వచ్చిందా, జవాబు చెప్పాలె" అన్నారు. అప్పుడు టోపీ తలకెక్కింది.

అదాలతులో అంతా ఉర్దూ. నేను షేర్వానీ కొస పట్టి లాగుతూ "ఏమన్నడు? ఏమన్నడు?" అని సతాయించేదాన్ని. ఆయన విసుక్కోకుండా అంతా తెలుగులో చెప్పేవారు, నన్ను తిట్టిన తిట్లతో సహా. ఈలోగా నిజాం సర్కారు పోయి కొత్త సర్కారు వచ్చింది. అదాలతు మీద జెండా మారింది కానీ లోపల బెంచీలు అవే. కొత్త సర్కారునూ నేను ఒక కంట కనిపెట్టే ఉన్నాను.

మధ్యాహ్నం వరండాలో ఆయనా, గుత్తేదారు వకీలూ ఒకే డబ్బాలో చేతులు పెట్టి తొక్కు పచ్చడితో అన్నం తినడం చూశాను. "అవుతలోనితోని తొక్కు పంచుకుంటవా?" అని నిలదీశాను. "కొట్లాట లోపల, అవ్వా. ఆకలి బయట" అని నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సాక్ష్యం రోజున ఆ గుత్తేదారు వకీలు నన్ను అడిగాడు. "బావి ఎండినంక గంగమ్మకు బోనం ఎత్తినవా?"

"ఎత్తిన."

"ఎందుకు?"

"గంగమ్మ అలిగి పోయిందని."

"అంటే నీళ్ళు తీస్కపోయింది గంగమ్మ. దేవుని పనికి మా గుత్తేదారు జవాబు చెప్తడా?"

అందరూ నవ్వారు. నా నోటితోనే నా బావి పూడ్చుకున్నాననుకున్నాను. వకీలు సాబ్ నిదానంగా లేచారు.

"అవ్వా, నీ మనుమనికి జ్వరమొస్తే ఏం చేస్తవు?"

"దవాఖానకు తీస్కపోత. అమ్మోరికి మొక్కుత."

"ఎవడన్న రాయితోని వాని తల పగలగొడితే?"

"గప్పుడు గూడ మొక్కుత."

"మరి పగలగొట్టింది అమ్మోరా?"

"అమ్మోరికేం పని? రాయి ఏసినోడే!"

ఈసారి తీర్పు చెప్పే మున్సిఫ్ సాబే నవ్వారు. వానలు బాగా పడ్డాయనీ, చుట్టుపక్కల బావులన్నీ నిండి ఉన్నాయనీ, పగులు గుట్ట వైపు గోడకే ఉందనీ, కావాలంటే వచ్చి చూడమనీ వకీలు సాబ్ చెప్పి కూర్చున్నారు.

బయటికి రాగానే వకీలు సాబ్‌ను పట్టుకున్నాను. "బోనం సంగతి గా అవుతలి వకీలుకు నువ్వే చెప్పినవా?"

"డప్పు కొట్టిచ్చుకుంట ఊరంత తిరిగి ఎత్తితివి గద, అవ్వా! మళ్ల నేను చెప్పాల్నా?"

మున్సిఫ్ సాబ్ వచ్చి పగులు చూశారు. బావి దరిదాపుల్లో మందు పెట్టవద్దనీ, పగులు పూడ్చి ఇవ్వాలనీ హుకుం అయింది. గుత్తేదారు మనుషులు సున్నం గచ్చు తెచ్చిన రోజు వకీలు సాబ్ కూడా వచ్చారు. పట్నం మనిషి కదా, బావిలోకి తొంగి చూడటానికి భయపడి నా భుజం పట్టుకున్నారు. "దగ్గర కూసొని చూడు. నీ అనుమానం కంటె గట్టి కావలి లేదు" అన్నారు. నన్ను అట్లా మెచ్చుకున్న మనిషి ఇంకొకరు లేరు.

ఆయన పోయిన ఇంటి వాకిట్లో నిలబడి ఈ మున్షీనే అడిగాను, హుకుం కూడా పోయిందా అని.

"హుకుం వకీలుది కాదవ్వా, అదాలతుది. వకీలు పోయినా, మున్సిఫ్ మారినా గుత్తేదారు మెడ మీదనే ఉంటది."

"గింతకు నువ్వు ఎవరి మనిషివి?" అన్నాను. జవాబు చెప్పబోయి ఏడ్చేశాడు. దానితో నాకూ ఏడుపు ఆగలేదు.

ఊరికి వచ్చి గుత్తేదారు మనిషికి అదే మాట చెప్పాను. వాడు నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున బావి దగ్గరికి వెళితే, నీళ్ళ మీదికి వంగిన తుమ్మ కొమ్మకు ఒక గిజిగాడు పిట్ట పచ్చి గడ్డిపోచ చుడుతోంది. ఎవరు చెప్పినా నమ్మే పిట్ట కాదది. నీళ్ళు నిలవని చోట గూడు కట్టదు. పోచ చుట్టింది. తల కిందికి వంచి నీళ్ళలోకి చూసింది. ఇంకో పోచ కోసం ఎగిరిపోయింది.