మనుషులు పడని బజారు

పల్నాడులో చలికాలమేమిటని నవ్వేవాళ్ళున్నారు. ఎండల్లో నాపరాళ్ళు నిప్పులు కక్కే సీమ గనక ఆ నవ్వుకి అర్థం లేకపోలేదు. కానీ ధనుర్మాసంలో మాచర్లలో ఒక్క తెల్లవారుజాము గడిపిన మనిషి ఆ మాట మళ్ళీ అనడు. చంద్రవంక వాగు మీదినుంచి మంచు లేచి, ఒడ్డున తుమ్మచెట్లను మింగి, నిదానంగా బజారులోకి పాకుతుంది. చెన్నకేశవస్వామి గుడి గోపురం నడుము దాకా కరిగిపోయి, పైన కలశాలు దేనికీ ఆనకుండా నిలబడతాయి. రాయి మీద రాయి పేర్చి కట్టిన పాత ఇళ్ళు, ఎత్తరుగులు, ఇనుప గుబ్బల తలుపులు అన్నీ వందల ఏళ్ళు వెనక్కి నడిచినట్టుంటాయి. వీరుల కథలు చెప్పేవాళ్ళు ఈ ఊళ్ళో కథ మొదలుపెట్టటానికి కష్టపడనక్కర్లేదు. మంచు వాళ్ళకి సగం పని చేసిపెడుతుంది.

ఆ మంచును కెమెరాలో పెట్టే గాజు పలక మీదికి దించాలన్న పిచ్చి ఫొటోల గులాం మొహిద్దీన్‌కి ఉండేది. పడుచుతనంలో ఆయన అమరావతిలో బౌద్ధుల నాటి శిల్పాల్ని ఫొటోలు తీసే ఒక దొర వెంట మూడుకాళ్ళ స్టాండు మోశాడు. రాళ్ళు కదలవు, విసుక్కోవు, బొట్టు చెరిగిందని ఏడవవు. ఆ పని నేర్చుకోవటానికి వాటిని మించిన పాఠశాల లేదు. తర్వాత మాచర్ల చేరి పెళ్ళి ఫొటోలతో సంసారం నెట్టుకొచ్చాడు. ధనుర్మాసంలో ముహూర్తాలుండవు. ఆ ఖాళీ నెలలో చెక్క కెమెరా భుజాన వేసుకుని గుళ్ళూ వీధులూ తీసుకునేవాడు.

మంచువేళ వెలుతురు తక్కువ. ఎదుటి అరుగూ దూరపు గోపురమూ రెండూ తేటగా రావాలంటే కెమెరా కన్ను బాగా చిన్నది చెయ్యాలి. అప్పుడు మూత చాలాసేపు తీసి ఉంచాలి. చేతి గడియారం లేని మొహిద్దీన్, మూత తీసి మనసులో ఒక్కసారి ఖురాన్‌లోని మొదటి ప్రార్థన ఫాతిహా నిదానంగా చదివి మూత పెట్టేవాడు. ఆ కాసేపట్లో నడిచిపోయే మనిషి పలక మీద నిలవడు. కదలకుండా ఉన్నవాడే పడతాడు. ఇది ఆయనకి ఎంత మామూలు సంగతంటే, ఒకరికి చెప్పాలని కూడా ఎన్నడూ తోచలేదు.

స్వరాజ్యం వచ్చిన ఏడాది చలికాలంలో ఆయన తీసిన బజారు ఫొటో ఆయన పనిలోకెల్లా గొప్పది. దాన్ని కొట్టు ముందు అద్దాల పెట్టెలో పెట్టాడు. మొదట చూసినవాడు పక్కకొట్టు బట్టల వర్తకుడు పున్నారావు. కోమట్ల ఇంటి బిడ్డ అయినా ఆయనా మొహిద్దీనూ ఏళ్ళ తరబడి బావా అంటే బావా అనుకుంటున్నారు.

"ఇదెప్పుడు తీశావు బావా?"

"మొన్న పొద్దున. కెమెరా వెనక ఆ నల్లగుడ్డ ముసుగేంది పెళ్ళికూతుర్లాగా అని నువ్వు ఎగతాళి చేశావు గదా."

"మరి నేనేడీ?"

పున్నారావు లేడు. పాలవాళ్ళు లేరు. గుడికి పోయే ఆడవాళ్ళు లేరు. కిటకిటలాడిన బజారు మొత్తంలో వేయించిన శనక్కాయలమ్మే ఆదెమ్మ ఒక్కతే కుంపటి ముందు కునుకుతూ ఉంది.

వేరే ఏడాదైతే ఇది రెండు పూటల నవ్వులాటగా పోయేది. ఆ ఏడు కృష్ణకి అవతల నైజాం రాజ్యంలో రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్నారు. మూటలతో, పసిపిల్లలతో జనం పడవలెక్కి ఇవతలికొస్తున్నారు. రేపో మాపో రజాకార్లూ ఏరు దాటతారని మాచర్ల తలుపులు పొద్దుగూకక ముందే పడుతున్నాయి. అలాంటి ఊరికి ఖాళీ బజారు బొమ్మ కనపడింది. ఫొటోలో లేనివాళ్ళు ఈ చలికాలం దాటరని ఒక మాట పుట్టింది.

"నేనొక్కదాన్నే మిగులుతానంట గదా," అంది ఆదెమ్మ. "మీరంతా పోతే నా కాయలెవడు కొంటాడ్రా, ఆ గోపురమా?"

ఎవరూ నవ్వలేదు. మర్నాటికి ఆ మాట కడుపున ఇంకో మాట పుట్టింది. బజారులో మనిషి లేని వేళ కనిపెట్టి మరీ సాయిబు ఫొటో ఎందుకు తీశాడు? ఎవరికి పంపటానికి?

ఊళ్ళు భయపడినప్పుడు ముందుగా మారేవి పిలుపులు. పున్నారావు ఒక పొద్దున కొట్టు తాళం తీస్తూ తల తిప్పకుండా, "సాయిబుగారూ, ఆ పెట్టె కాస్త అవతలికి జరపండి," అన్నాడు. మొహిద్దీన్ పెట్టె జరిపాడు. తిట్టినా అంత భయపడేవాడు కాదు.

బందోబస్తుకని కొత్తగా వచ్చిన హెడ్డు కానిస్టేబులు దేవానందం ఆయన్ని ఠాణాకి పిలిపించాడు. ఫొటో బల్ల మీద ఉంది.

"జనం ఉన్నారంటావు. ఇందులో లేరు. దేన్ని నమ్మమంటావు?"

"నడిచేవాళ్ళు పడరండి."

"నువ్వు తీసే పెళ్ళి ఫొటోల్లో పడతన్నారే."

"వాళ్ళు కదలకుండా కూచుంటారండి."

"అయితే నా ఎదురుగా తీసి చూపించు. చూపించలేకపోతే గుంటూరు జైల్లో చెప్పుకుందువు, నడిచేవాళ్ళూ కూచునేవాళ్ళూ అని."

మంచు కావాలి. ఎండలో మూత అంతసేపు తీస్తే పలక కాలిపోయినట్టవుతుంది. రెప్పపాటు తీస్తే నడిచేవాళ్ళూ పడతారు. ఆ వారం మంచు రాలేదు. రోజూ చీకటి విడకముందే లేచి గోడ తడిమి చూసేవాడు. రాయి పొడిగా ఉండేది. సూర్యుడు ఎర్రగా, శుభ్రంగా లేచేవాడు. ఆయన అన్నం కెలికి వదిలేసేవాడు.

"మా పుట్టిల్లు ఈపూరు పోదాం పద," అంది భార్య హజ్రా బీ.

"పారిపోతే నిజమేననుకుంటారు."

"ఉంటే మాత్రం ఏమనుకుంటన్నారు?"

చివరికి ఒక పొద్దున గోడ తడిగా తగిలింది. తలుపు తీస్తే ఎదురిల్లు లేదు. కెమెరా బజారులో నిలిపేసరికి దేవానందం వచ్చాడు. ఊరంతా అతని వెనకే వచ్చింది.

"అందరూ మామూలుగా అటూ ఇటూ నడవండి," అన్నాడు హెడ్డు.

ఒక్కరూ నడవలేదు. పెళ్ళికి నిలబడ్డట్టు బారులు తీరి, పిల్లల భుజాలు గట్టిగా అదిమిపట్టి నిలబడ్డారు. ఆదెమ్మ కుంపటితో సహా ముందు వరసలోకొచ్చి కూచుంది.

"నడవమంటే వినపడలా?"

"నడిస్తే పడం అంటన్నాడు గదయ్యా," అంది ఒకామె. "మేం పడాల. మా పిల్లలు పడాల."

మొహిద్దీన్ మూత తీశాడు, చదివాడు, మూశాడు. ఒక్క రెప్పా కదల్లేదు. ఊరంతా ఆ పలక మీద చెక్కినట్టు పడుతుందని ఆయనకి కడగకుండానే తెలుసు. తనని గుంటూరు పంపే సాక్ష్యం తన చేత్తోనే తయారైంది. గోపురం కింది అంతస్తు అప్పుడే మసకగా బయటపడుతోంది. ఇంకాసేపట్లో మంచు ఉండదు.

"నేను నడుస్తానండి," అన్నాడు. "ఆ గోడ ముందునుంచి. మూత ఎవరన్నా తీయాలి."

వరసలోంచి పున్నారావు ఒక్కడే ముందుకొచ్చాడు.

"ఎంతసేపు తియ్యాలి?"

"ఒక ఫాతిహా అంతసేపు."

ఆ మాట అన్నాక మొహిద్దీన్ హెడ్డు వైపు చూశాడు. ఇది కూడా ఏదో సంకేతమనుకుంటే?

"అది నాకెట్టా వచ్చుద్ది?"

"కేశవ నామాలు చెప్పుకో. సరిపోద్ది."

మొహిద్దీన్ కెమెరాలో కొత్త పలక పెట్టి గోడ దగ్గరికి పోయాడు. నడవాలనుకున్నాడు. కానీ బజారంతా కళ్ళై తన మీద నిలిచేసరికి కాళ్ళు రాళ్ళయ్యాయి. పున్నారావు మూత తీసి కళ్ళు మూసుకున్నాడు. "కేశవ, నారాయణ, మాధవ..." నామాలు ఒక్కొక్కటే పోతున్నాయి. నడవాల్సినవాడు కొయ్యలా నిలబడ్డాడు. ఇలాగే ఉంటే తానూ పలక మీద పడతాడు, తన మాటా అబద్ధమవుతుంది. అది తెలిసీ కదల్లేకపోయాడు.

నామాలు సగమయ్యేసరికి వెనక వరసలో ఎవరిదో ఇత్తడి చెంబు జారి నాపరాళ్ళ మీద పడింది. మొహిద్దీన్ అది లాఠీ అనుకున్నాడో, తుపాకీ అనుకున్నాడో. ఒక్క ఉరుకున సందులో పడ్డాడు. పున్నారావు మాత్రం కళ్ళు తెరవకుండా చివరి నామం దాకా చెప్పి మూత పెట్టి, "అయిపోయింది, రా బావా," అన్నాడు.

పలకలు రెండూ దేవానందం ఎదుటే కడిగారు. కాగితం మీద దించాక మొదటిదాంట్లో ఊరంతా ఉంది. జనం దాని మీద పడి తమని తాము వెతుక్కుని, వేళ్ళు పెట్టి చూపించుకుని, సంబరంగా ఇళ్ళకి పోయారు. రెండోదాన్ని హెడ్డు చాలాసేపు చూశాడు. గోడ ముందు మొహిద్దీన్ ఉన్నాడు, లేడు. టోపీ, గడ్డం, చొక్కా అన్నీ పొగలా ఉన్నాయి. ఆ పొగలోంచి గోడరాళ్ళ అతుకులు కనపడుతున్నాయి.

"నిలబడ్డంతసేపే పడ్డావు. అసలు కనపడకపోతే కనికట్టనేవాణ్ణి," అన్నాడు దేవానందం. "నీ భయమే నిన్ను కాసింది పోవయ్యా. ఇంక ఠాణా మొహం చూడనక్కర్లా."

మొహిద్దీన్ ఇంటికొచ్చి ఆ కాగితం హజ్రా బీ చేతికిచ్చాడు. ఆమె దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది.

"నీలోంచి గోడ కనపడతంది."

"అది కెమెరా పని. నేను పరుగెత్తాను గనక."

"ఆ సంగతి తెలుసు," అంది. కాగితం బోర్లా పెట్టి, దగ్గరికొచ్చి ఆయన రొమ్ము మీద అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కింది. చేతికి మనిషి గట్టిగా అడ్డం తగిలాడు. అయినా ఆమె చెయ్యి తీయలేదు. చొక్కా కింద ఆయన ఇంకా వణుకుతూనే ఉన్నాడు.