కూయని బ్రేకు

అంబాజీపేటకు కొబ్బరికాయలు తోలే నా పికప్, బ్రేకు వేసినప్పుడల్లా కీచుమని కూసేది. ఆ గోల భరించలేక పొద్దున్న అమలాపురంలో చప్పుడు చేయని బ్రేక్ ప్యాడ్లు వేయించాను. నిండు లోడుతో కూడా ఆగుతుందా అని మెకానిక్‌ను గుచ్చి గుచ్చి అడిగాను. "బండి ఆగుద్దండి, కూత మాత్రం వినపడదండి" అన్నాడు.

మధ్యాహ్నం లోడుతో కాలువ గట్టు మలుపు తిరిగాను. ఆ పక్క ఊళ్ళో ఉండే సత్యవతి గారు అటు తిరిగి, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యాన్ని కాళ్ళతో తిరగేస్తున్నారు. పక్క చేలో నీళ్ళ ఇంజన్ హోరు. రోజూ తప్పుకునే మనిషి ఇవాళ కదల్లేదు. బ్రేకు నేలకంటా తొక్కాను. వెనక కాయలు ముందుకు దొర్లాయి. బండి ఆవిడ వీపుకు జానెడు దూరంలో ఆగింది. దిగి ఎదురుగా నిలబడేదాకా ఆవిడకు తెలియనే లేదు.

"రోజూ మీ బ్రేకు కూత విని తప్పుకుంటానండి. ఇవాళ వినపడలేదేంటండి?"

"ఆయ్, కొత్త ప్యాడ్లు వేయించానండి."

"మరి హారన్ ఏమైందండి?"

హారన్‌కేం, నిక్షేపంలా ఉంది. బ్రేకే కూస్తోంది కదా అని దాన్ని నొక్కడం ఎప్పుడో మానేశాను.

అక్కడి నుంచి, అంబాజీపేటలో లోడు దించి ఇంటికి చేరేదాకా హారన్ మీద చెయ్యి తీయలేదు. ఇప్పుడు మా వీధివాళ్ళు ఆ గోలేంటని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?