మూసిన కళ్ళ ఫోటో

దెయ్యాలంటే నాకు భయం లేదు, ఒళ్ళుమంట. కరెంటు పోగానే చుట్టాలంతా చేరి చింతచెట్టు కథలు మొదలెడతారు చూడండి, అప్పుడు లేచి వెళ్ళి అంట్లు తోముకునే రకాన్ని నేను. హైస్కూల్లో సైన్సు చెబుతాను. అలాంటి నాకు రాజమండ్రిలో, పట్టపగలు, ఏసీ గదిలో ఇలా జరగడమేంటని ఇప్పటికీ కోపమే.

ఇది తొంభైల్లో సంగతి. మా చెల్లి పద్మ చెరుకు తోటలో బెల్లం వండుతుంటే చూడ్డానికి వెళ్ళింది. మరిగే పాకం చిట్లి ఎడమ చెంప మీద పడింది. ప్రాణం దక్కింది గానీ, పుండు మానేకొద్దీ చర్మం ముడుచుకుపోయి కింది రెప్పని కిందికి లాగేసింది. ఆ కన్ను మూతపడేది కాదు. నిద్రలో కూడా తెరిచే ఉండేది. తడిగుడ్డ కప్పుకుని పడుకునేది, పిచ్చిపిల్ల.

తణుకులో కళ్ళ డాక్టరుగారు ఖచ్చితంగా చెప్పేశారు. "రెప్ప మూతపడకపోతే చూపు పోతుందమ్మా. ప్లాస్టిక్ సర్జన్‌కి చూపించండి." కాకినాడలో ఒక డాక్టరమ్మ పేరు కూడా చెప్పారు. ఆవిడ గవర్నమెంటు ఆసుపత్రి మనిషని మావాళ్ళు మొహం చిట్లించారు.

ఇక ఊరంతా సలహాలే. ఒక్కరికైనా కన్ను గురించి పట్టిందా? "ఆడపిల్ల కదండీ, మచ్చ పోతుందా?" అనేవాళ్ళే అందరూ. మా ఆయన ఆఫీసులో ఎవరో గొప్పగా చెప్పారని, రాజమండ్రిలో కొత్తగా పెట్టిన నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళారు.

ఆ డాక్టరు పద్మ గడ్డం పట్టుకుని, సంతలో వంకాయని చూసినట్టు అటూ ఇటూ తిప్పాడు. చెంప అద్దంలా చేస్తానన్నాడు. పనిలో పనిగా ముక్కు కూడా కాస్త సరిచేద్దామన్నాడు.

"ముక్కుకేమైందండీ, శుభ్రంగా ఉంటే?" అన్నాను.

నవ్వాడు. మరి కన్ను సంగతేంటంటే, "అదీ చూద్దాం లెండి" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఆయన మాత్రం గంగిరెద్దులా తలూపుతూ ఆపరేషన్‌కి తారీఖు అడుగుతున్నారు. ఈలోగా చూస్తూ ఉండండంటూ రిసెప్షన్ అమ్మాయి ఒక ఆల్బమ్ ఇచ్చింది. ఆపరేషన్‌కి ముందు, తరవాత తీసిన ఫోటోలట.

నాలుగు పేజీలు తిప్పానో లేదో, మా చెల్లి కనిపించింది.

పోలిక కాదండీ, మా పద్మే. చెంప మీద అదే మచ్చ, కాస్త తగ్గి ఉంది. రెండు కళ్ళూ మూసుకుని ఉంది. వెనక ఆకుపచ్చ తెర, దానికి చిరిగినచోట తెల్ల ప్లాస్టరు ముక్కలు అడ్డంగా నిలువుగా అంటించి ఉన్నాయి. కుడి చెవికి దుద్దు ఉంది. ఎడమ చెవికి లేదు, కుట్టు పూడకుండా చీపురుపుల్ల పెట్టి ఉంది. నా పక్కన కూర్చున్న పద్మకి మాత్రం రెండు దుద్దులూ ఉన్నాయి. పైగా ఎడమ కన్ను మూయలేని పిల్ల.

మూసిన కళ్ళు చూడగానే నాకు శవం గుర్తొచ్చింది. మా ఆయన తొంగి చూసి, "పద్మేనే ఇది" అన్నారు.

అంతే, నర్సింగ్ హోమ్ ఎగిరిపోయేలా అరిచాను. మా పిల్ల ఫోటో మీకెక్కడిదని నిలదీశాను. డాక్టరు బయటికొచ్చి, అది తన పేషెంటని, మనిషిని పోలిన మనుషులుంటారని నాకే పాఠం చెప్పాడు. మా చెల్లి మీ గుమ్మం తొక్కడం ఇదే మొదలని మొహం మీదే చెప్పి, ఇద్దర్నీ లాక్కుని వచ్చేశాను.

బస్సులో దారంతా ఆ డాక్టర్ని తిడుతూనే ఉన్నాను. పద్మ మాత్రం కిటికీ పక్కన కూర్చుని నెమ్మదిగా అంది. "అక్కా, అందులో నా రెప్ప మూసుకుంది కదూ?"

దానికి కనబడింది అదీ.

కాకినాడ వెళ్ళాం. డాక్టరమ్మగారు తీపి మాటలు చెప్పలేదు. "మచ్చ పూర్తిగా పోదు. రెప్ప మాత్రం మూతపడేలా చేస్తాను" అన్నారు. ఎడమ చెవి దుద్దు తీయించి, ఆ చెవి వెనక చర్మం తీసి రెప్ప కింద అతికించారు. కుట్టు పూడిపోకుండా నర్సమ్మ చీపురుపుల్ల పెట్టింది. అప్పటికీ నాకు వెలగలేదు చూడండి.

గాయం మానాక ఫోటో తీస్తామని తెర ముందు కూర్చోబెట్టారు. ఆకుపచ్చ తెర. దాని మీద ప్లాస్టరు ముక్కలు.

"కళ్ళు మూయమ్మా" అన్నారు డాక్టరమ్మగారు. పద్మ రెండు కళ్ళూ మూసింది. అప్పుడు వెలిగింది నాకు. గోడ పట్టుకున్నాను. ఏడ్చానని మా ఆయన అంటారు. ఏడ్చే ఉంటాను.

ఆ ఫోటో, నెగటివుతో సహా, అడిగి తెచ్చుకున్నాను. ఊరుకుంటానా, అది పట్టుకుని మా ఆయనతో రాజమండ్రి వెళ్ళాను. ఆల్బమ్ తెరిపించాను. ఆ పేజీలో ఎవరో బొద్దుగా ఉన్నావిడ, కళ్ళు తెరుచుకుని నవ్వుతోంది. మీరు ఆరోజు అరిచింది ఈవిడని చూసేనండి అంది రిసెప్షన్ అమ్మాయి. మా ఆయన మొదటినుంచి చివరిదాకా తిప్పారు. పద్మ ఎక్కడా లేదు.

డాక్టరు నా చేతిలో ఫోటో తీసుకుని వెలుగులో పెట్టి చూశాడు. "బాగా కుదిరిందే! ఎవరు చేశారు?" అన్నాడు. ఆపైన, సిగ్గు లేకుండా, "ఒక కాపీ ఇస్తారా, మా ఆల్బమ్‌లో పెట్టుకుంటాం" అన్నాడు.

లాక్కుని వచ్చేశాను. ఆ ఫోటో, నెగటివు ఈనాటికీ నా బీరువాలోనే ఉన్నాయి. ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వను. మరి తియ్యకముందే అది ఆ డాక్టరు దగ్గరకి ఎలా వెళ్ళిందో మీరెవరైనా చెప్పండి. మా స్కూల్లో ఫిజిక్సు మాస్టారిని కూడా అడిగాను. టీ తాగి లేచిపోయారు.

ఆ ఫోటో కనిపించకపోతే ఆరోజే తారీఖు రాయించుకునేవాళ్ళం, అది నిజం. ఎవరు చూపించారో, ఎందుకు చూపించారో నాకు తెలీదు. కానీ నా కోపం అదే: చూపించేవాళ్ళు నా గుండె ఆగిపోయేలా కాకుండా, నెమ్మదిగా చూపించొచ్చు కదా!

ఈ మాట అంటే పద్మ నవ్వుతుంది. "నెమ్మదిగా చెబితే నువ్వెప్పుడు విన్నావక్కా?" అంటుంది.

అలా అని రెండు కళ్ళూ మూసుకుని, హాయిగా నిద్రపోతుంది.