ఎర్రతల ఫోర్‌మన్‌కి, గులాబీది మా బావకి

ఇక్కడ ఒమాన్‌లో, అల్ మవాలేలో మా రూమ్ కింద, ఇదివరకు కర్టెన్ల కొట్టు ఉన్నచోట, ఈమధ్య చేపలవేట సామాన్ల దుకాణం ఒకటి వెలిసింది. గోడ పొడుగునా గాజు తలుపుల వెనక ప్లాస్టిక్ చేపపిల్లలు, ఒక్కోటి ఒక్కో రంగులో, నగల దుకాణంలో కమ్మల్లాగా వేలాడుతుంటాయి. మొన్న శుక్రవారం ఉల్లిగడ్డలకని దిగినవాణ్ణి, మా రూమ్‌లో కొత్తగా చేరిన జగిత్యాలవైపు పిల్లవాడొకడు చెయ్యిపట్టి లోపలికి లాక్కుపోయి, "కాకా, నువ్వు రైసూత్ల బాగ చేపలు పట్టినవంట గద, ఏ రంగుది కొనాలె చెప్పు" అన్నాడు. నన్ను కాకా అని పిలిచేవాళ్ళ మధ్య బతకడం అలవాటయింది గానీ, ఆ ప్రశ్నకి మాత్రం నేను సిద్ధంగా లేను. నీళ్ళు తేటగా ఉంటే వెండిది, మబ్బు పడితే పచ్చది అని ఏదో ముక్క అప్పజెప్పి, ఉల్లిగడ్డలు అయిపోతాయన్న సాకుతో బయటపడ్డాను. గులాబీ రంగువి అక్కడ ఒక వరసంతా ఉన్నాయి. తక్కినవాటి కంటే వాటి ధరే ఎక్కువ.

గల్ఫులో జుట్టు నెరిసిన నా ఈడువాళ్ళకి, ఆ రోజుల్లో శుక్రవారమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. బట్టలుతుక్కోవడం, ఇంటికి ఫోన్ చెయ్యడం, మిగిలిన పొద్దంతా పైకప్పుకేసి చూస్తూ పడుకోవడం. రైసూత్‌లో మా కంపెనీ రూములు సముద్రానికి దగ్గర కాబట్టి మాకొక సౌకర్యం ఎక్కువ ఉండేది, పైకప్పు బదులు సముద్రంకేసి చూడవచ్చు. నేను స్టోర్‌లో పనిచేసేవాణ్ణి. మా బావ, అంటే మా అక్క పెనిమిటి, అదే కంపెనీ వర్క్‌షాపులో వెల్డరు. నన్ను రప్పించింది ఆయనే. డిగ్రీ చదివినవాడికి ఊళ్ళో పని దొరక్కపోయినా, ఒమాన్‌లో నట్లూ బోల్టులూ ఎంచే పనికి అదే డిగ్రీ గౌరవం తెస్తుందని ఆయన ముందే కనిపెట్టాడు.

మా ఫోర్‌మన్ తెలుగువాడు. ఇది మాకు చాలాకాలం అదృష్టంలాగే కనపడింది. మంచి కారు, మంచి గొంతు, కంపెనీ ఆఫీసులో మంచి పలుకుబడి ఉన్న ఆ మనిషికి ఒకే ఒక పిచ్చి, గాలం వెయ్యడం. శుక్రవారం తెల్లవారుతూనే నలుగురైదుగురిని కారులో ఎక్కించుకుని, పోర్టు దాటాక ఉండే రాళ్ళగట్టుకి తీసుకుపోయేవాడు. పిలిచేవాడు అనడం మర్యాద. రమ్మనేవాడు, మేము పోయేవాళ్ళం.

ఈ వేటలో వానపామూ ఉండదు, రొయ్యా ఉండదు. వేలెడు పొడుగు ప్లాస్టిక్ చేప, దాని కడుపుకింద ముళ్ళ కొక్కేలు, మూతికింద చిన్న నాలుకలాంటి రేకు. దూరంగా విసిరి దారం చుట్టుకుంటూ వస్తుంటే, ఆ నాలుక పుణ్యమా అని అది నీళ్ళలోకి దిగి, దెబ్బతిన్న చేపలాగా అటూ ఇటూ కొట్టుకుంటూ వస్తుంది. దాన్ని చూసిన పెద్ద చేప తేరగా తిండి దొరికిందనుకుని మింగుతుంది. తేరగా దొరికిందనుకుని వచ్చి కొక్కేనికి తగులుకోవడం మాకందరికీ స్వానుభవమే కాబట్టి, చేపలంటే మాకు లోపల్లోపల కొంత సానుభూతి ఉండేది.

డబ్బాల మీది పేర్లు నోరు తిరగక ఆ బొమ్మచేపలకి మేమే పేర్లు పెట్టుకున్నాం. వెండి ఒళ్ళూ నీలం వీపూ ఉన్నది మన చెరువు పరకలాగే ఉంటుంది కాబట్టి పరక. పచ్చా బంగారం కలిసింది చిలక. తెల్లటి ఒంటికి ఎర్రటి తలకాయ ఉన్నది ఎర్రతల. ఇంకొకటుండేది, గులాబీ రంగుది, మా బావ గాలానికి రీలు కొన్నప్పుడు దుకాణంవాడు ఊరికే ఇచ్చింది. గాజుల కొట్లోంచి తప్పిపోయి సముద్రానికి వచ్చినట్టుండేది. దానికి ఎవరూ పేరు పెట్టలేదు, ఎవరూ దాన్ని దారానికి కట్టనూ లేదు.

నేను బీయస్సీలో జువాలజీ చదివానని బయటపడిన నాటినుంచి, రంగుల విషయంలో తుది తీర్పు నాదయింది. నేను చదువుకున్న చేప పరీక్ష కాగితం మీద ఎడమవైపు తలపెట్టి పెన్సిలుతో గీసింది, దానికి రంగే లేదు. అయినా మబ్బుంటే చిలక, ఎండ కాస్తే పరక, అల లేచి నీళ్ళు కలగబడితే ఎర్రతల అని గంభీరంగా చెప్పేవాణ్ణి. చేప పడితే నా చదువు గొప్పది, పడకపోతే వాళ్ళ చెయ్యి మంచిది కాదు. ఈ ఏర్పాటులో నాకెప్పుడూ నష్టం రాలేదు.

గట్టు మీద ఒక పద్ధతుండేది. బోణీ ఫోర్‌మన్‌ది. ఆయన మొదట విసరాలి, ఆయనకి ఒకటి పడేదాకా తక్కినవాళ్ళం విసిరినా కాళ్ళదగ్గరే విసరాలి, అందరిలోకీ పెద్ద చేప ఆయనదై ఉండాలి. ఇది ఎవరూ నోటితో చెప్పిన రూలు కాదు. దొర ఎదురుగా మంచం మీద కూచోకూడదని మన తాతలకి మాత్రం ఎవరు చెప్పారు గనక.

ఆ ఏడు మా బావ ఊళ్ళో ఇల్లు పూర్తయింది. గల్ఫుకొచ్చిన మొదటి ఏడు పునాది, ఆ తర్వాత ఒక్కో సెలవుకి ఒక్కో ఎత్తు గోడ, అట్లా లేచిన ఇల్లు. సున్నం కూడా పడ్డాక పంతులుగారు వైశాఖంలో ముహూర్తం పెట్టారు. అది దాటితే మూఢం, దాని వెనక ఆషాఢం, ఇక ఇప్పట్లో మంచిరోజు లేదు. అక్క అద్దె ఇల్లు అప్పటికే ఖాళీ చేస్తానని చెప్పేసింది. గృహప్రవేశానికి దంపతులు పీటల మీద కూచోవాలి. ఆడమనిషి ఒక్కతే కూచోకూడదు, అది మీకు తెలుసు. కాబట్టి మా బావకి కావలసిందల్లా ముహూర్తం నాటికి సెలవు. ఆఫీసు సంతకం పెట్టాలంటే ముందు ఫోర్‌మన్ సరేననాలి. ఫోర్‌మన్ అవుననలేదు, కాదనలేదు. చూద్దామన్నాడు. ఆ మాటకి ఎన్ని అర్థాలుంటాయో వారం రోజులు రూమ్ అంతా కూచుని చర్చించింది.

చివరికి తేలిందేమిటంటే, శుక్రవారం ఆయన మనసు సంతోషపెట్టాలి, శనివారం పొద్దున ఆ సంతోషం ఆరకముందే అడగాలి. ఇట్లాంటి ఆలోచన మా బోటివాళ్ళకే వస్తుంది. కంపెనీ చట్టం, సెలవు హక్కు, ఇవన్నీ ఆఫీసు గోడమీద మూడు భాషల్లో అంటించే ఉన్నాయి. వాటిని చదవగలిగినవాణ్ణి నేనే, కానీ నన్నడిగింది ఏ రంగు కట్టాలని మాత్రమే.

ఆ నెలంతా ఎర్రతలకే చేపలు పడుతున్నాయి. అది మా బావ సొంతం, పక్కనున్న సలాలా టౌనుకి పోయి ఏరి కొనుక్కున్నది. గురువారం సాయంత్రం అన్నాలయ్యాక డబ్బా తెరిచి, దాన్ని తీసి లుంగీ అంచుతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

"ఇది సార్‌కు కట్టు బామ్మర్దీ. నాకు గా గులాబిది కట్టు. దాన్ని ఏ చేపన్న మూతిపెట్టి చూస్తదా?"

చూడదని నేను శాస్త్రం సాక్షిగా చెప్పాను.

మర్నాడు సముద్రం నల్లగా, నీళ్ళు కాస్త కలగబడి, అచ్చంగా ఎర్రతలకి రాసిపెట్టినట్టుంది. ఫోర్‌మన్ బోణీ విసురు విసిరాడు, పడలేదు. మళ్ళీ విసిరాడు, మళ్ళీ పడలేదు. ఎండెక్కేసరికి ఆయనకి దొరికినదల్లా అరచెయ్యంత చేప ఒకటి, దాన్ని చూసి మేమంతా ఎంత మెచ్చుకున్నామంటే, ఆయనకే అనుమానం వచ్చింది. బోణీ అయిందిగా, విసరండయ్యా అన్నాడు. మా బావ చెత్తబుట్టలో కాగితం విసిరినట్టు గులాబీదాన్ని నీళ్ళలోకి విసిరి, ఎటో చూస్తూ చుట్టసాగాడు.

గాలం కర్ర ఒక్కసారిగా విల్లులా వంగింది. పెద్ద చేప పడ్డ మనుషుల మొహాలు నేను చాలా చూశాను, కానీ భుజం మీద పోలీసు చెయ్యి పడ్డట్టు మొహం పెట్టినవాణ్ణి ఆయన్నొక్కణ్ణే చూశాను. దారం వదులు చేశాడు, తప్పించుకుపొమ్మని. మామూలు రోజుల్లో చిన్న పొరపాటుకే తెంపుకుపోయే చేప, ఆరోజు ఆ ముళ్ళని గొంతుదాకా మింగి కూచుంది. తక్కినవాళ్ళు అసలు సంగతి మరిచిపోయి, లాగు లాగు అని ఒకటే సంబరం. మా బావ కర్రతో సహా పక్కకి జరిగి, మీరు లాగుండ్రి సార్ అని ఇవ్వబోయాడు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, నీ చేప నువ్వే లాక్కోవోయ్ అన్నాడు.

గట్టుకి చేరింది వంజరం, ఎత్తుకుంటే చంటిపిల్లంత ఉంది. దాని దవడలోంచి గులాబీ తోక బయటికి కనిపిస్తోంది. ఫోర్‌మన్ దాన్ని కాసేపు చూసి, నవ్వుతూనే అన్నాడు.

"నీకన్నీ కలిసొస్తున్నాయోయ్. ఇల్లూ, చేపా."

"మీ అదృష్టమే సార్, నా చేతిల పడ్డది," అన్నాడు మా బావ.

ఫోర్‌మన్ ఆ చేపని రెండు చేతులా పట్టుకుని ఫోటో దిగాడు. మా బావ ఫోటోకి అడ్డం రాకుండా పక్కకి నిలబడ్డాడు. చేప ఆయన ఐస్‌డబ్బాలోకి పోయింది, గులాబీది ఆయన గాలాల డబ్బాలోకి పోయింది. తిరిగొచ్చేటప్పుడు కారులో ఆయన పాటలు పెట్టుకున్నాడు.

శనివారం మా బావ అడిగాడు. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పని ముందుంది, వెల్డర్లు చాలరు, నెలాగితే నేనే పంపిస్తానన్నాడు ఫోర్‌మన్. అప్పటికి మూఢం వస్తది సార్ అంటే, ఒమాన్‌లో మూఢాలేంటయ్యా అన్నాడు. కొత్త కారు మంగళవారం వచ్చిందని దాన్ని రెండురోజులు షోరూమ్‌లోనే ఉంచిన మనిషి ఆయన. అదే వారం ఇంకొక వెల్డరుకి సెలవు దొరికింది. ఆ వెల్డరు ఒక్కనాడు గట్టుకి వచ్చినవాడు కాడు, చేపల వాసనకే కడుపులో తిప్పుతుందనేవాడు. సెలవు పోయింది చేపవల్లనా, షట్‌డౌన్ వల్లనా, లేక ఏ కారణమూ లేకనా, ఇప్పటికీ నాకు తెలియదు. మా బావ మాత్రం చేపవల్లనే అంటాడు. కారణమున్న కష్టాన్ని మొయ్యడం కొంచెం తేలిక, అందుకని నేను ఎదురు చెప్పలేదు.

ముహూర్తం నాడు ఆయన డ్యూటీలోనే ఉన్నాడు. చాయ్ టైములో వర్క్‌షాపు వెనక నిలబడి అక్కకి ఫోన్ చేశాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినపడింది.

"పాలు పొంగినయా?"

"పొంగినయి."

"ఎవలు పొంగిచ్చిన్రు?"

వెనక నుంచి సన్నాయి, పిల్లల గోల.

"నీ తమ్ముని పెండ్లాం," అంది. "వాళ్ళిద్దరే కూసున్నరు పీటల మీద. నేను హారతి పళ్ళెం పట్టుకున్న."

మంచిగైంది, అన్నాడు మా బావ. ఫోన్ జేబులో పెట్టుకుని, ముసుగు దించుకుని, మళ్ళీ వెల్డింగుకి కూచున్నాడు. ఆ ముసుగు వెనక మనిషి ఏం చేస్తున్నాడో ఎవరికీ కనపడదు. ఆ ఉద్యోగంలో ఉన్న ఒకే ఒక సుఖం అది.

పీటల మీద కూచున్న దంపతులే కొత్తింట్లో తొమ్మిది రోజులు నిద్ర చెయ్యాలని పంతులుగారు చెప్పారట. చేశారు. ఇప్పటికీ చేస్తున్నారు. తమ్ముడు ఆ ఇల్లు తనదని ఒక్కనాడూ అనలేదు, ఆ మాట నేను న్యాయంగా చెప్పాలి. అన్న వచ్చేదాకా వదినకి తోడుంటానన్నాడు, హాలూ వంటిల్లూ అలవాటయ్యాయి, పిల్లలు పక్క బడిలో చేరారు, దేవుడి గదిలో వాళ్ళ పటాలు చేరాయి. మా బావ సెలవుకి పోయినప్పుడల్లా చుట్టంలా పోయి చుట్టంలా వచ్చేవాడు. ఊరి పెద్దలకి చెప్పిచూస్తే, పాలు పొంగించినోళ్ళను ఎట్ల పొమ్మంటవు, ఇంటికి అరిష్టం గదా అన్నారు. అరిష్టం ఎవరికో వాళ్ళు చెప్పలేదు. ఆఖరుకి ఆయన ఒమాన్‌కి దండం పెట్టి వీసా మీద ఎగ్జిట్ కొట్టించుకుని ఊరికి పోయి, మిద్దె మీద రేకుల గది ఒకటి వేసుకుని, అక్కతో అందులో ఉంటున్నాడు. ఎండాకాలంలో రేకులు రైసూత్‌ని తలపిస్తాయని నవ్వుతాడు.

ఇప్పుడు కాలం మారింది, అది బాగుపడటమేనని అందరూ అంటారు, నేనూ అంటాను. మా రూమ్ పిల్లలు సెలవుని ఫోన్లో పెడతారు. ఎవరి కారూ ఎక్కక్కర్లేదు, ఎవరి అరచెయ్యంత చేపనీ మెచ్చుకోనక్కర్లేదు. పెట్టిన సాయంత్రానికే కుదరదని రెండు ముక్కలు ఫోన్లోనే వస్తాయి. ఎవరు కుదరదన్నారో తెలియక, ఎవరిని తిట్టాలో తోచక, ఆ పిల్లవాడు కాసేపు ఫోన్‌ని చూసి దుప్పటి కప్పుకుంటాడు. మాకు తిట్టుకోవడానికి ఒక మొహమన్నా ఉండేది. అంతకంటే ఎక్కువ ఏదో ఉండేదని నన్ను నేను నమ్మించుకోవాలని చూస్తాను గానీ, ఎంత వెతికినా దొరకదు.

పోయిన వారం అక్కతో మాట్లాడాను. మిద్దె మెట్ల దగ్గర చీకటిగా ఉందని మా బావ బల్బు కొనుక్కొచ్చాడట. అది ఇంకా డబ్బాలోనే ఉందట. తమ్ముడు పనిమీద కరీంనగర్ పోయిండు, వచ్చినంక ఒక మాట అడిగి పెడ్త అంటున్నడు అని చెప్పింది. ఎవరింట్లో బల్బుకి ఎవరినడుగుతున్నావు బావా అని గట్టిగా అడుగుదామని, ఫోన్ ఆయనకిమ్మన్నాను. ఆయన తీసుకుని, నా మాట కోసం ఆగకుండానే, "ఆడ ఎండలెట్లున్నయి బామ్మర్దీ?" అన్నాడు.

బాగానే ఉన్నాయని చెప్పాను.