దాహం దాచుకున్న రోజులు

“నువ్వు రోజుకు నాలుగు తూర్లు బాత్రూముకు లేచి పోతావు, సూపర్వైజరు గడియారం చూస్తాడు, లైనంతా నవ్వుతాది. నాకు తలెత్తుకునేకి లేదమ్మా!”

“నవ్వనీ. పొద్దున్నుంచి గొంతు తడపకుండా కుట్టి, ఇప్పుడు తల పట్టుకొని పడుండేది ఎవురే? నేను నిలబడే ఉండాను గదా!”

“నేనూ నీ మాదిరి లేచి, పని పోతే?”

“పని పోతే ఇంకో గార్మెంట్సు ఉండాది. నువ్వు పోతే?”

బెంగుళూరు పక్క హెబ్బగోడి బాడుగ గదిలో నా కూతురితో పెట్టుకున్న ఈ పోట్లాట, మొన్న మనవరాలు సైన్సు పాఠం చదువుతుంటే మళ్ళీ చెవుల్లో మోగింది. బయట ఎండైనా చలైనా ఒళ్ళు తన వేడినీ, నీళ్ళనూ, ఉప్పునూ ఒక తీరుగా నిలుపుకుంటుందట. దానికి నోరు తిరగని పేరొకటి పెట్టినారు. రెండో తరగతితో బడి మానేసిన నాకు ఆ పేరు తెలియదు గానీ, ఆ పని కళ్ళారా చూసినదాన్ని.

తొంభైల చివర ఇద్దరమూ ఒకే గార్మెంట్సు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం, అది కాలర్లు కుట్టే లైనులో, నేను ఆవిరి ఇస్త్రీ దగ్గర. పైన రేకులు, ఎండాకాలం. బాత్రూముకు లేస్తే మాట పడాల్సొస్తుందని ఆడపిల్లలు సాయంత్రం దాకా నీళ్ళే ముట్టేవాళ్ళు కాదు. నేను మాత్రం ఉప్పేసిన మజ్జిగ సీసా తెచ్చుకొని, తాగి, చెమటోడ్చి, లేవాల్సినప్పుడు లేచేదాన్ని. చింతపండు పిప్పిని కూడా చెంబులు తోమనిదే పారేయని మనిషిని నేను. ఒళ్ళు నాకంటే పొదుపరి. నీళ్ళు తగ్గితే ఒంటేలు చిక్కబరిచి, ఉన్నదాన్ని దాచుకుంటుంది. లోపలికి చుక్క పోయకుండా దాన్ని ఎంతసేపని దాచమంటాం?

పోట్లాడిన ఆ సాయంత్రం దాని నుదురు కాలిపోతూ పొడిగా ఉండింది, చెమటన్నదే లేదు. లోపల భయపడుతూ, పైకి తిడుతూనే తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి, గుక్కగుక్కగా మజ్జిగ పట్టించినాను. ఎంతసేపటికో పైపెదవి మీద సన్నగా చెమట పొడిచింది. ఏ నగ పెట్టుకున్నప్పుడూ బిడ్డ నాకంత అందంగా కనబడలేదు.

ఇప్పుడు మనవరాలి బడిలో నీళ్ళు తాగమని గంట కొడతారట. దాహం వేస్తే సిగ్గుపడిన ఆడపిల్లలు ఒకప్పుడు ఉండినారంటే అది నమ్మదు.

ఆ పోట్లాట మరునాడు పొద్దున నా కూతురు మజ్జిగ సీసా మిషను మీదే పెట్టింది, అందరికీ కనబడేటట్టు. తాగింది. కొంతసేపటికి లేచి, సూపర్వైజరు ముందర నుంచే బాత్రూముకు నడిచిపోయింది. దాని వెనకాల ఇంకో ముగ్గురు లేచినారు.